ఆగని పడవ, రాని సోఫా

నాచారంలో మా ఇంటిని డెవలప్‌మెంట్‌కి ఇచ్చేశాం. ఇచ్చేశాం అంటే అమ్మ ఇచ్చింది, నాన్న సంతకం పెట్టాడు. పాత ఇల్లు కూలగొట్టి అపార్ట్‌మెంటు లేపేదాకా ఇద్దరూ పీర్జాదిగూడలో నా దగ్గరే, మా ఆయనా నేనూ ఉంటున్న ఫ్లాట్‌లో ఉంటారు. సామాను సర్దడానికి మొన్న వెళ్తే వంటగదీ పడగ్గదీ ఒక్క పూటలో ఖాళీ అయిపోయాయి గానీ, రెండు చోట్ల పని ఆగిపోయింది. ఒకటి ముందుగదిలో నాన్న డ్రాయింగు బల్ల. దాన్ని ఎక్కడ పెట్టాలో తేలలేదు, ఎందుకంటే ఫ్లాట్‌లో మా హాలంతా సోఫా ఆక్రమించుకుని ఉంది. రెండోది అటక. మా ఇంట్లో అటక నాన్న సొంత రాజ్యం. అక్కడ ఏముందో ఆయనకి తప్ప ఎవరికీ తెలియదు, ఏది ఎందుకుందో ఆయనకీ తెలియదు. నేను నిచ్చెనెక్కి అందిస్తుంటే చుట్టలు చుట్టిన డ్రాయింగులు, బట్ట లేని గొడుగు, కుంటి స్టూలు ఒకటొకటిగా కిందికి దిగాయి. అన్నిటికీ వెనకాల, గోడకి ఆనించి, చారల దుప్పటిలో చుట్టిన పొడుగాటి మూట ఒకటి కనపడింది. ఒక కొస మొనదేలి ఉంది. ఇంకో కొసన దుప్పటి చిరుగులోంచి ఇత్తడి రెక్క బయటికి పొడుచుకొచ్చి ఉంది.

“జాగ్రత్త అమ్మడూ, ముక్కు తగులుతుంది,” అన్నాడు నాన్న కింద నుంచి.

“ఎవలి ముక్కు?” అంది అమ్మ.

“పడవది.”

“గా పడవ ఇంకా ఉన్నదా!” అంటూ అమ్మ ఉన్న ఒక్క ప్లాస్టిక్ కుర్చీలో కూలబడింది.

పడవ అంటే మనుషులెక్కే పడవ కాదు. బారెడు పొడుగుంటుంది, పెట్రోలు తాగుతుంది. మనం రిమోటు పట్టుకుని ఒడ్డున నిలబడి నడపాలి. అది మా ఇంట్లో పుట్టి, పెరిగి, జీవితంలో ఒకే ఒక్కసారి నీళ్ళ మీద పరిగెత్తింది. ఆ ఒక్కసారికీ నాచారం చెరువు గట్టు మీదున్న జనం పూజలు మానేసి చూశారు. అప్పటికి తెలంగాణ ఇంకా రాలేదు, నేను పాలిటెక్నిక్ చదువుతున్నాను, మా నాయనమ్మ బతికే ఉంది.

నాన్నది కోనసీమ. పంపులు తయారుచేసే ఒక కంపెనీలో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరడానికి నాచారం వచ్చి, అమ్మవాళ్ళ ఇంట్లో ఒక గది అద్దెకి తీసుకుని, చివరికి అమ్మనే చేసుకున్నాడు. అమ్మ పుట్టింది, పెరిగింది, అలిగింది అన్నీ నాచారంలోనే. కాబట్టి మా ఇంట్లో రెండు తెలుగులు ఉండేవి. ఎవరితో పని పడితే వాళ్ళ తెలుగు మాట్లాడుకుని నేను బతికేశాను. నాన్న ఆఫీసులో గీసి గీసి, ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని మళ్ళీ గీసేవాడు. ముందుగదిలో కిటికీ కింద ఆయన డ్రాయింగు బల్ల ఉండేది. వచ్చిన చుట్టాలు దాని చుట్టూ ఒదిగి మంచం అంచున కూర్చుని, కాఫీ గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియక చేతిలోనే పట్టుకుని తాగేవాళ్ళు. చెప్పుల స్టాండు, మడతపెట్టే పందిరి, నాయనమ్మకి ఉయ్యాల కుర్చీ, వాననీళ్ళు సంపులోకి దింపే గొట్టం, అన్నీ పైనుంచి ఒక బొమ్మ, పక్కనుంచి ఒక బొమ్మ, కోసి చూస్తే ఒక బొమ్మ చొప్పున కాగితం మీద సిద్ధంగా ఉండేవి. ఆయన గీసినవాటిలో కుంటి స్టూలు ఒక్కటే కాగితం దాటి బయటికొచ్చింది. అమ్మకి నాన్నతో సూటిగా మాట్లాడే అలవాటు లేదు. ఏం చెప్పాలన్నా మధ్యలో ఒక మనిషి కావాలి. “మీ నాయనకు జెప్పు, చెప్పులు ఇయాల గూడ కాయితం మీదనే పెట్టాల్నా?” అని నాతో అనేది. నాన్న పక్కనే ఉండేవాడు.

మా ఇంటి దినచర్యంతా నీళ్ళ చుట్టూ తిరిగేది. నల్లా రోజు తప్పించి రోజు వచ్చేది, అదీ ఎప్పుడొస్తుందో నల్లాకి కూడా తెలిసేది కాదు. అది బుస్సుమనగానే అమ్మ చేతిలో పని వదిలేసి పైపు పట్టుకుని పరిగెత్తేది. పైపేమో నల్లాకి వదులు. అందుకని పాత చీర అంచు చింపిన పీలికతో రెండు మూడు చుట్లు చుట్టి, కింద నుంచి ఒక మడత పైకి లాగి, ఎడమచేత్తో ఒక ముడి వేసేది. ఆ ముడి వేశాక చుక్క నీరు కారేది కాదు. ఎవరు ప్రయత్నించినా ఆ ముడి వచ్చేది కాదు. నాన్న పక్కన నిలబడి చూసి, దాన్ని కూడా కాగితం మీద మూడు వైపుల నుంచి గీసి, గీసిన ప్రకారం కట్టి, మొహమంతా తడుపుకున్నాడు. అమ్మ నాకొక తువ్వాలు ఇచ్చి మీ నాయనకియ్యి అంది.

నాయనమ్మకి నీళ్ళ గొడవ పట్టదు. ఆవిడ గొడవ దిష్టితో. ఇంట్లోకి కొత్త వస్తువు ఏదొచ్చినా ముందు దానికి పసుపు కుంకుమ, ఆపైన నల్లదారానికి గుచ్చిన నిమ్మకాయ, పచ్చిమిరపకాయలు. టీవీకి కట్టింది, ఫ్రిజ్జుకి కట్టింది, కుక్కరుకి కడితే మొదటి విజిల్‌కే ఊడి పప్పులో పడింది. “నిమ్మకాయ అన్నంల పిండుకునేది అత్తమ్మా, మిక్సీకి కట్టేది కాదు,” అనేది అమ్మ. “నీకు నమ్మకం లేదు సరే అమ్మాయ్, దిష్టికి నీ సంగతి తెలియదుగా,” అనేది నాయనమ్మ. ఇందులో ఎవరు నెగ్గారో ఇప్పటికీ చెప్పలేను.

నర్సింగ్ మామ అమ్మకి తమ్ముడు. ఉప్పల్ రింగురోడ్డు దగ్గర బండ్లు బాగుచేసే షెడ్డు ఉండేది. ఏ బండి ఆయన చేతిలో పడ్డా వచ్చినప్పటికంటే ఎక్కువ చప్పుడు చేస్తూ బయటికి వెళ్ళేది. ఆదివారం మధ్యాహ్నం మా ఇంట్లోనే భోజనం. అన్నంతో పాటు బావని కాసేపు ఏడిపించకపోతే ఆయనకి అరిగేది కాదు. ఒక ఆదివారం పులుసు కలుపుకుంటూ మొదలుపెట్టాడు.

“గోదారోన్నంటవ్, గోదారోన్నంటవ్. సంపుల బకీటు పడితే తీయరాదు నీకు. ఒక్కపారన్న పడవ నడిపినవా బావా?”

“నడపడం వేరు, డిజైన్ వేరు,” అన్నాడు నాన్న.

“మరి జెయ్యి డిజైను. ఇంజను నేనిస్త. గడ్డి కోసే మెషిన్ ఒకటి బాగుజెయ్యమని ఇచ్చి పత్తాలేకుండ పోయిండొకడు. మస్తు ఇంజను. ఉరికిచ్చే పడవ గియ్యి, సూద్దాం.”

నాన్న చేయి అన్నంలోనే ఆగిపోయింది. ఆ చూపు మాకందరికీ తెలుసు. లేచి బల్ల దగ్గరికి వెళ్ళేలోపు అమ్మ పెరుగు గిన్నె ఠపీమని కింద పెట్టింది.

“నర్సింగ్, మీ బావకు జెప్పు. ఆయన గీసింది ఏదీ నిలబడలే గీ ఇంట్ల. గీ పడవన్న నీళ్ళ మీద నడవాలె. నడవకపోతే నిమజ్జనం అయిన తెల్లారి బల్ల అటకెక్కుతది, గీడ సోఫా వస్తది. నేను జెప్పిన.”

నిమజ్జనం మాట ఎందుకొచ్చిందంటే, మా చెరువులో నీళ్ళు కనపడేది అప్పుడే. మిగతా ఏడాదంతా గుర్రపుడెక్క ఒడ్డు నుంచి ఒడ్డుకి పచ్చగా పరుచుకుని ఉండేది. తెలియనివాళ్ళు అది మైదానం అనుకుని క్రికెట్ బంతి కోసం దిగబోయిన సందర్భాలున్నాయి. వినాయకచవితి దగ్గరపడితే మున్సిపాలిటీ వాళ్ళు ప్రొక్లెయిన్ దింపి, గుర్రపుడెక్కని తవ్వి గట్టు మీద కుప్ప పోసేవాళ్ళు. ఆ కొద్ది రోజులే చెరువు చెరువులా ఉండేది. అంటే నాన్నకి గడువు పెట్టింది అమ్మే అయినా, గడువు తేల్చింది మాత్రం వినాయకుడు.

అందరూ నవ్వారు గానీ నాకు ఆ రోజు భయం వేసింది. నాన్న కంపెనీలో అప్పటికే బల్లలు తీసేస్తున్నారు. అందరి ముందూ కంప్యూటర్లు పెట్టారు. నాన్న మౌసు పట్టుకుంటే అదెక్కడ కరుస్తుందో అన్నట్టు పట్టుకునేవాడు. ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విడిచి, ఆ బల్ల ముందు కూర్చుని పెన్సిలు చెక్కుకునే పది నిమిషాల్లో ఆయన భుజాలు కిందికి దిగడం నాకు కనపడేది. అది అటకెక్కితే నాన్న ఎక్కడ కూర్చుంటాడో నాకు తోచలేదు. సోఫాలో కూర్చున్న నాన్నని ఊహించుకోబోయాను, రాలేదు.

పడవ డ్రాయింగు మూడు ఆదివారాలు నడిచింది. నాన్నకి గీత ముఖ్యం, మామకి స్పీడు ముఖ్యం, నాయనమ్మకి కళ్ళు ముఖ్యం. “పడవంటే ముందు కళ్ళుండాలి అబ్బాయ్. లేకపోతే దారెలా తెలుస్తుంది? పైన చిన్న పాక కూడా వెయ్యి, ఎండ తగలకుండా,” అంది. పాక కుదరదని నాన్న ఎంతో మర్యాదగా గాలి ఒత్తిడి గురించి వివరిస్తే, “అయితే గొడుగు పెట్టు,” అంది. చివరికి కళ్ళకి ఒప్పుకున్నారు. అడుగు బల్లపరుపుగా, ముక్కు కోసుగా, వేగం అందుకుంటే పడవ నీళ్ళలో మునిగి కాకుండా నీళ్ళ మీద జారుతూ పోయేలా గీశాడు నాన్న. ప్లైవుడ్ కోసి, పైన ఫైబర్ పట్టీ వేసి, రెజిన్ అనే జిగురు పూశారు. ఆ రెజిన్ వాసన ఇల్లంతా పట్టేసింది. ఉప్మాలో అదే వాసన, చారులో అదే, తలకి రాసుకున్న కొబ్బరినూనెలో అదే. పిట్టగోడ మీదికి వచ్చే కాకులు రావడం మానేశాయి. మూడో రోజు అమ్మ పడవనీ నాన్ననీ కలిపి డాబా మీదికి పంపించేసింది. రిమోటు కోఠి గుజరాతీ గల్లీలో పాతది దొరికింది. దాని పొడుగాటి ఏరియల్‌తో నాయనమ్మ మంచం మీద నుంచి లేవకుండా ఫ్యాను స్విచ్చి వేసుకోవడం నేర్చుకుంది. పడవ పూర్తయ్యేదాకా ఆ రిమోటుకి అదే ఉద్యోగం.

వెనక తిరిగే రెక్కకి ఇత్తడి కావాల్సొచ్చింది. నాయనమ్మ తన మరచెంబు తెచ్చి ఇచ్చింది. పెళ్ళైన కొత్తలో దాన్ని పట్టుకుని ఎన్నోసార్లు గోదావరి దాటిందట, దానికి నీళ్ళు కొత్త కావట. నాన్న రెక్కని కూడా మూడు వైపుల నుంచి గీసిచ్చాడు. మల్లాపూర్ దగ్గర పోత పోసేచోట మరచెంబు కరిగి మిలమిలలాడే రెక్కై వచ్చింది. అమ్మ బజారుకి వెళ్ళిన సమయం చూసి, బట్టలు ఉతికే తొట్టి నింపి, పడవని తాడుతో పంపుకి కట్టి, మామ ఇంజను తాడు లాగాడు. ఆ చప్పుడికి, ఆ తెల్లటి పొగకి, దోమల మందు కొట్టే బండి వచ్చిందనుకుని వీధిలో పెద్దవాళ్ళు తలుపులు మూసుకున్నారు, పిల్లలు పొగ కోసం పరిగెత్తుకొచ్చారు. పడవ ఒక్కసారి వణికి, ఎంతో గంభీరంగా వెనక్కి బయల్దేరి తొట్టి గోడని గుద్దింది.

“బావా, గిది రివర్స్ గేర్ల ఉన్నది,” అన్నాడు మామ.

“దీనికి గేర్లే లేవు.”

నాన్న రెక్కని ముందు నుంచి చూసి గీశాడు, పోత పోసినవాళ్ళు వెనక నుంచి అనుకుని పోశారు. “పీకి, తిప్పి పెట్టరాదు?” అన్నాడు మామ. తిప్పి పెట్టినా అది అటే తోస్తుందని నాన్న టేబుల్ ఫ్యాను బొమ్మ గీసి చూపించాడు. మామ ఒప్పుకోలేదు, తిప్పి పెట్టాడు. పడవ మళ్ళీ వెనక్కే వెళ్ళి, ఈసారి తొట్టిలోంచి దూకినంత పని చేసింది. రెక్క మళ్ళీ కరిగింది. అమ్మ తిరిగొచ్చేసరికి తొట్టి నీళ్ళ మీద పెట్రోల్లో కలిపే టూటీ ఆయిల్ రంగురంగులుగా తేలుతోంది. నల్లా మర్నాటికి గానీ రాదు. ఆ సాయంత్రం నాయనమ్మ స్నానం చేసి గుడికి వెళ్తే, పూజారి బయటికి తొంగిచూసి ఎవరిదో బండి లీకవుతోంది చూసుకోండి అన్నాడట.

చవితి వచ్చింది, ప్రొక్లెయిన్ దిగింది, చెరువు కళ్ళు తెరిచింది. ఇళ్ళల్లో పెట్టుకున్న చిన్న వినాయకుళ్ళని ముందుగా నీళ్ళలో కలిపేసే రోజు మధ్యాహ్నం పడవని దించుదామనుకున్నారు. పెద్ద విగ్రహాలు వస్తే మనకి చోటుండదు. ఆ ఉదయం డాబా మీద పడవకి పూజ. కొత్త బండికి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తారు కదా, పడవకి చక్రాలెక్కడివి? దీని మీద చాలాసేపు చర్చ జరిగింది. చివరికి మామ తీర్పుతో, ఇంట్లో ఉన్న నిమ్మకాయలన్నీ రెక్క కింద పేర్చి ఇంజను స్టార్ట్ చేశారు. నిమ్మకాయలు మాయమైపోయాయి. రసం నాన్న కంట్లో పడింది, గింజలు పక్కింటివాళ్ళ అప్పడాల మీద పడ్డాయి. నాయనమ్మ చప్పట్లు కొట్టింది. పసుపు, కుంకుమ, బంతిపూలదండ, నల్లరంగుతో తీర్చిన రెండు పెద్ద కళ్ళతో పడవ పెళ్ళికూతురిలా ఉంది. అమ్మ డాబా గడప దాకా వచ్చి, చూసి, వంటింట్లోకి వెళ్ళిపోయింది. మేం కిందికి దిగి భోజనాలు చేశాం. అమ్మని కూడా రమ్మంటే, తనకి కూరగాయల పనుంది అంది.

చెరువు గట్టు మీద డప్పులు, మైకు, పత్రి వాసన, బురద వాసన. ఇవన్నీ కాక కంపెనీల వైపు నుంచి వచ్చే నాచారం సొంత వాసన ఒకటుంది. ఆ వాసన రాని చోట నాకు ఇప్పటికీ ఏదో తక్కువైనట్టుంటుంది. మామ పడవని భుజం మీద మోసుకొచ్చి దింపాడు. మూత సందులోంచి ఒక నిమ్మకాయ, నాలుగు పచ్చిమిరపకాయలు తొంగిచూస్తున్నాయి. “ముసలమ్మ కట్టింది. మంచిగైంది, తియ్యకుండ్రి, అపశకునం,” అన్నాడు మామ. నాన్న ఆఖరిసారి చూసుకోవడానికి మూత ఎత్తాడు. వంగి, లోపల చేయిపెట్టి, అలాగే ఉండిపోయాడు. ఏదైనా విరిగిందేమో అనుకున్నాను. అంతలో ఆయన చేయి బయటికి తీసి, గట్టు మీదున్న జనాన్నీ నీళ్ళనీ ఓసారి చూసి, పెట్రోలు ట్యాంకు విప్పి సగానికి పైగా సీసాలోకి ఒంపేశాడు.

“అరె, ఏం జేస్తున్నవ్ బావా! ఫుల్ ట్యాంకు మీద వోతదది!”

“ఇది చాలు,” అని నాన్న మూత బిగించాడు.

తాడు లాగితే మొదటి ఊపుకే అందుకుంది. మామ మోకాళ్ళ లోతు దిగి వదిలాడు. పడవ బుద్ధిగా నాలుగు బారలు వెళ్ళింది. నాన్న రిమోటు మీద బొటనవేలు ముందుకి తోశాడు. ఇంజను గొంతు మారింది, ముక్కు పైకి లేచింది, తరవాత అది పడవలా కాదు, చెరువు మీద గీసిన గీతలా వెళ్ళింది. నాన్న గీతే, చెక్కు చెదరకుండా. నేను అరిచాను. నాన్న బొటనవేలు వెనక్కి లాగాడు. ఇంజను మాత్రం తగ్గలేదు.

“తగ్గియ్ బావా!”

“తగ్గదు.”

“తగ్గదంటే?”

“తగ్గదు నర్సింగూ, పక్కకి జరుగు.”

స్కూటర్ మీద వీధి మలుపుకి ఇంకా ఫర్లాంగు ఉండగానే చేయి చూపించే మనిషి మా నాన్న. సైకిళ్ళు దాటిపోతుంటే దారిచ్చే మనిషి. అటువంటి మనిషి కాళ్ళు ఎడంగా పెట్టి, నాలుక పళ్ళ మధ్య కరిచి, ఒంటి మీదికి వచ్చే పిడుగులాంటి దాన్ని ఒడ్డుకి చెయ్యెడు దూరంలో మళ్ళించాడు. ఒడ్డున నిలబడ్డవాళ్ళంతా తడిసిపోయారు. ఒక పెద్దాయన చేతిలో వినాయకుడు, ఆయన ప్రమేయం లేకుండానే నిమజ్జనం అయిపోయాడు. మైకులో ఒకాయన అందుకున్నాడు. “ఎవలదో బోటు... ఓ సార్, జర ఆపుండ్రి... ఏందీ? ఆగదంటనా? మంచిది. భక్తులందరు గట్టు మీదికి జరగాలె, బోటు ఆగదంట, బోలో గణేశ్ మహరాజ్ కీ!” డప్పులవాళ్ళు వాయిద్యం ఆపి చూసి, తరవాత పడవ మలుపు తిరిగినప్పుడల్లా ఒక దెబ్బ వేయడం మొదలుపెట్టారు. నాన్న నవ్వుతున్నాడు. ఆయన పళ్ళన్నీ అలా ఒకేసారి కనపడటం నేనెప్పుడూ చూడలేదు.

ఇంజను ఒకసారి దగ్గింది. పెట్రోలు అయిపోతోంది. ఎదురుగా జనం, కుడివైపు ప్రొక్లెయిన్, ఎడమవైపు తవ్విపోసిన గుర్రపుడెక్క కుప్ప. నాన్న ఆలోచించనేలేదు, నేరుగా కుప్పకి గురిపెట్టాడు. పడవ నీళ్ళు వదిలి, గాల్లోకి లేచి, మెత్తగా కుప్ప శిఖరం మీద కూర్చుని, కళ్ళు ఆకాశంకేసి పెట్టి చల్లారిపోయింది. ఈలలతో చెరువు దద్దరిల్లింది. నేను వెనక్కి తిరిగి చూస్తే, ఛాయ్ బండి వెనకాల, చేతిలో ఖాళీ సంచితో అమ్మ నిలబడి ఉంది. కూరగాయల మార్కెట్టు చెరువుకి పూర్తిగా రెండోవైపు.

మామ కుప్పెక్కి మూత సందులో వేలుపెట్టాడు. “ముసలమ్మ కట్టిన పీలికనే బావా. ఇంజను స్పీడు పెంచే రాడ్డుకు పట్టుకున్నది. ఒకపారి మీదికి వొయ్యి ఆడనే ఇరుక్కున్నది.” మూత తీయబోతే నాన్న చేయి అడ్డం పెట్టాడు. తరవాత చూద్దాం అన్నాడు. ఇంటికి తెచ్చి, బురద తుడిచి, మూత తెరవకుండానే చారల దుప్పటిలో చుట్టేశాడు. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఏది చెడిపోయినా తప్పు నాయనమ్మ నిమ్మకాయదే. “నేను కట్టలేదురా! నా దగ్గర నిమ్మకాయలెక్కడివి, ఉన్నవన్నీ మీ రెక్క కిందే పెట్టానుగా!” అని ఆవిడ మొత్తుకునేది. కుక్కరుకి కట్టిన మనిషి మాట ఎవరు నమ్ముతారు? పోయేదాకా మొత్తుకుంటూనే ఉంది, మేం నవ్వుతూనే ఉన్నాం.

ఆ రాత్రి అన్నాల దగ్గర అందరం అమ్మ నోటి వైపే చూస్తున్నాం. పడవ నడిచింది నిజమే. ఆగలేదన్నదీ నిజమే. అమ్మ అందరికీ చారు పోసి, మామ వైపు తిరిగి, “మీ బావకు జెప్పు, నేను నడవాలన్న గని ఆగాలనలే,” అంది. అంతే. బల్ల కదల్లేదు. సోఫా ఊసు అమ్మ మళ్ళీ ఎత్తలేదు. ఆ తరవాత ప్రతి చవితికీ మామ పడవ దించుదామనేవాడు, ప్రతిసారీ నాన్న డ్రాయింగులో ఒక సవరణ ఉందనేవాడు. గుర్రపుడెక్క మళ్ళీ పరుచుకుంది. ఇప్పుడు ఆ గట్టు మీద నడక దారి వేశారు, పొద్దున్నే బూట్లేసుకుని తిరుగుతారు. చిన్న వినాయకుళ్ళకి సిమెంటు కుంటలు వేరే కట్టారు. పీర్జాదిగూడలో మా అపార్ట్‌మెంటు పిల్లలు ఆన్‌లైన్లో బోట్లు తెప్పించుకుని స్విమ్మింగ్ పూల్లో వదులుతారు. చప్పుడు లేదు, పొగ లేదు, చెప్పిన చోట ఆగుతాయి. వాళ్ళు రెండు రోజులాడి మర్చిపోతారు. దాన్ని నేను తప్పుపట్టను గానీ, వాళ్ళ నాన్నల పళ్ళు మాత్రం నాకు కనపడవు.

మొన్న మూట కిందికి దించి దుప్పటి విప్పాను. బంతిపూలదండ దారం మిగిలింది, కళ్ళు అలాగే ఉన్నాయి. మూత తెరిస్తే లోపల ఎండిన పత్రి, తుప్పు, నల్లగా గోలీకాయంత అయిపోయిన నిమ్మకాయ. దాన్ని రాడ్డుకి కట్టింది నాయనమ్మ వాడే నల్లదారం కాదు. చిలకపచ్చ చీర అంచు పీలిక. రెండు మూడు చుట్లు, కింద నుంచి పైకి లాగిన ఒక మడత, ఎడమచేతి ముడి.

“అమ్మా,” అన్నాను, “ఇది నల్లా ముడి.”

అమ్మ కుర్చీలోంచి కదల్లేదు. “కట్టిన. అయితేంది?”

“నువ్వా? నిమ్మకాయా?”

“మీరంత తినవోయిన్రు. నేను డాబా మీదికి వొయ్యి సూసిన. మంచిగ బొట్టు పెట్టుకొని కూసున్నది. మీ నాయన గీసినదాంట్ల నిలబడ్డది గదొక్కటే. ఇన్నేండ్లు ఏదీ నిలబడది, ఏదీ నిలబడదని అన్నది నేనేనాయె. నా దిష్టే తగుల్తదేమోనని భయమైంది. పక్కింటామెను ఒక నిమ్మకాయ అడుక్కొని వచ్చిన. మీద కడితే అత్తమ్మ జూసి నవ్వుతదని లోపట కట్టిన. నల్లా మెడ లెక్క గా రాడ్డొక్కటే కనవడ్డది.”

నాకు కోపం వచ్చింది, నవ్వు వచ్చింది, నాయనమ్మ గుర్తొచ్చి కళ్ళలో నీళ్ళు కూడా వచ్చాయి. ఒక్కసారి ఎవరైనా మూత తెరిచి ఆ ముడి చూసి ఉంటే పాపం ఆవిడ తప్పించుకునేది కదా అన్నాను.

“చూశాను,” అన్నాడు నాన్న. ఆయన గోడ దగ్గర కూర్చుని డ్రాయింగులకి రబ్బరుబ్యాండ్లు వేస్తున్నాడు. తల ఎత్తలేదు. “మూత వేసేముందు చూసుకోకుండా వదులుతానా? సరిగ్గా కట్టకూడని చోట కట్టి ఉంది. ఒకసారి పైకి వెళ్తే ఇక దిగదని తెలుస్తూనే ఉంది. విప్పుదామని వేలు పెట్టాను. ముడి తెలిసింది. అందుకే పెట్రోలు ఒంపేశాను.”

అమ్మ నా వైపు చూసింది, మీ నాయనను అడుగు అంటుందేమో అనుకున్నాను. అనలేదు. ఆయన వైపే తిరిగింది.

“తెల్సి గూడ ఇప్పకపోయినరేంది?”

“నువ్వు కట్టావు కదా,” అన్నాడు నాన్న.

అమ్మ లేచి, పడవ మూత తనే పెట్టి, దుప్పటి తనే చుట్టి, పీర్జాదిగూడకి వెళ్ళే సామానులో పెట్టింది. ముందుగదిలోకి నడిచి డ్రాయింగు బల్లని ఈ చివర నుంచి ఆ చివరికి జానతో కొలిచింది. గుమ్మంలో నిలబడ్డ నన్ను చూసి, “మీ ఆయనకు ఫోన్ జెయ్యి,” అంది. “హాల్ల సోఫా తీసెయ్యమను.”